నాలుగో డ్రమ్ము

కిందటి వారం వెంకటేశ్వరిని అబూ హలీఫా ఒడ్డున నిలబెట్టి వచ్చేశాం గదా, పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. తలకు గుడ్డ బిగించి కట్టుకుని, చేతిలో తాళాలు గలగలలాడిస్తూ, ఆ పాత తెల్ల పడవను ముక్కు నుంచి తోక దాకా ఎగాదిగా చూస్తోంది. ఎండ అప్పుడే మాడు పగలగొడుతోంది.

సంగతి మరిచిపోయినవాళ్లకు రెండు ముక్కలు. కువైట్‌లో ఇరాకీ సైన్యం దిగి కొన్ని వారాలైంది. మనవాళ్లంతా మూటాముల్లె సర్దుకుని బస్సులెక్కి, బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దారి పడుతున్నారు. వెంకటేశ్వరి మొగుడు బాలసుబ్బయ్య మాత్రం బస్సెక్కలేడు. ఈ గొడవలకు ముందే పరంజా మీంచి పడి నడుము దగ్గర ఎముక చిట్లింది. వెల్లకిలా పడుకునే ఉండాలి, గట్టి కుదుపు తగిలిందా కాళ్లు జన్మలో లేవవు అని చెప్పిన డాక్టరు మర్నాడే తన దారి తాను చూసుకున్నాడు. ఇక మిగిలింది సముద్రం. దక్షిణంగా పోతే సౌదీ ఒడ్డు, ఖఫ్జీ.

అలాంటి సమయంలో ఆ తెల్లవారుజామున రుమైథియాలో ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, అందరూ మామా అని పిలిచే ఆవిడ, ఆమెను పిలిచి, పడవ తాళాలు చేతిలో పెట్టింది. "నీ మొగుణ్ణి ఎక్కించుకో. ఈ పూటే పో. వెనక్కి చూడొద్దు" అంది. పైసా అడగలేదు. ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా వండి వారుస్తున్న మనిషి వెంకటేశ్వరి. చెయ్యి జారి గ్లాసు పగిలితే జీతంలో కోసుకునే మామా, పడవను ఊరికే ఇచ్చేస్తుందా? 

ఇంకొకరైతే తాళాలు దొరికిందే చాలని పరిగెత్తేవాళ్లు. వెంకటేశ్వరి అలాంటి మనిషి కాదు. రాయచోటి సంతలో గేదెను కొనేటప్పుడు నాలుగు అడుగులు నడిపించి, పొదుగు పితికి చూసి గానీ పలుపు చేతికి తీసుకోని ఇంటి నుంచి వచ్చింది.

"ఒకసారి తిప్పి చూస్తే గానీ మా ఆయన్ని దీంట్లో పండబెట్టను వలీ. మధ్యలో నిలిచిపోయిందనుకో, ఏం చేస్తాం? ఈదుకుంటా పోతామా?"

"నేనుండా గదక్కా, చూస్తా" అన్నాడు మస్తాన్ వలి.

వలిదీ రాయచోటే. ఒకప్పుడు బోరుబండి మీద మెకానిక్కు. ఇక్కడికొచ్చాక షేకుల పడవల ఇంజన్లు ఒడ్డు మీద పెట్టి బాగుచేయడం నేర్చాడు. ఒడ్డు మీద మాత్రమే సుమా! పడవెక్కి నడిపింది పట్టుమని నాలుగుసార్లు కూడా ఉండదు. ఒడ్డున కాపలా ఉన్న ఇరాకీ సిపాయిల జీపు బాగుచేసి పెట్టాడు గనక, చేపలు పట్టి సగం తమకిచ్చేట్టయితే పగటిపూట కాస్త దూరం పోయి రావచ్చని వాళ్లు ఒప్పుకున్నారు. వల, గాలాలు పైకి కనబడేలా పెట్టుకుని ఇద్దరూ ఎక్కారు.

వలి ముందు ఇంజన్ మూత ఎత్తి అరచెయ్యి ఆనించాడు. మొహం చిట్లించాడు.

"వెచ్చగా ఉండాదేందక్కా? ఎవురో పొద్దున్నే స్టార్ట్ చేసినారు."

"మామా డ్రైవరు చూసింటాడులే. అది మంచిదా చెడ్డదా?"

"చల్ల ఇంజన్ ఒక్క పట్టుకు లేస్తే అది మంచి ఇంజన్. ముందే వేడి చేసి పెట్టినారంటే దాంట్లో ఏందో దాస్తాండారని లెక్క" అని, బెల్టులు లాగి, నూనె వేలికి రాసుకుని వాసన చూశాడు. "నూనె మాత్రం శుభ్రంగా ఉండాది. చూద్దాం."

వెంకటేశ్వరి రెండు మెట్లు దిగి గదిలోకి పోయింది. ముందు భాగంలో ఇరుకు గది. నిలబడితే తల తగులుతుంది. పడవ ముక్కు ఎలా సన్నబడుతుందో అలాగే సన్నబడే చెక్క మంచం, మీద పరుపు. ఇంకో మంచానికి చోటు లేదు. మూర వేసి కొలిచింది. బాలసుబ్బయ్య కాళ్లు చాపినా ఇంకా జానెడు మిగులుతుంది. పైన చిన్న కిటికీ తెరిచి తలగుడ్డ కొంగు పట్టి చూసింది, గాలి ఆడుతోంది. మూలన తెర వెనక మరుగుదొడ్డి కూడా ఉంది. ఆ కష్టం కూడా తీరినట్టే అనుకుని మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. గదంతా ఆసుపత్రిలో లాగా డెట్టాల్ వాసన. మామా కడిగించినట్టుంది, ఎంత మంచి మనసో అనుకుంది. 

సరే, ఇప్పుడు మనవాళ్లు చేసిన ఘనకార్యం చెప్పాలి. ఖఫ్జీ దాకా పోవడానికి ఏం కావాలి? డీజిల్ కావాలి, ఒప్పుకుందాం. వీళ్లు మాత్రం ముందుగా ఎక్కించింది నీళ్లు! పెద్ద పెద్ద నీలం డ్రమ్ములు నాలుగు, అంచుల దాకా మంచినీళ్లు నింపి, పడవ తోక దగ్గర వరసగా కట్టారు. కరువులో పుట్టినవాళ్లు గదా. బిందెడు నీళ్ల కోసం బావి దగ్గర తెల్లార్లూ కాపు కాసినవాళ్లకు, నీళ్లు లేకుండా గడప దాటడమంటే బట్టల్లేకుండా బజారుకు పోయినట్టు.

పడవ కదిలింది. ఒడ్డు దాటి కాస్త లోతుకు పోయాక వలి గేరు తోసి వేగం పెంచాడు. ఇంజన్ గొంతు చించుకుని అరిచింది. పడవ మాత్రం తోక నీళ్లలో కూలేసి, ముక్కు ఆకాశానికెత్తి, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ పోయింది.

"ఇదేం నడకరా నాయనా! ఈ లెక్కన ఖఫ్జీ ఎప్పుడు చేరేది? కాపలా పడవలోళ్లు టీ తాగి వచ్చి పట్టుకుంటారు గదరా మనల్ని!"

వలి తల గోక్కున్నాడు. ఇంజన్ వైపు చూశాడు, తర్వాత వెనక్కి తిరిగి డ్రమ్ముల వైపు చూశాడు. నాలుక కరుచుకున్నాడు.

"ఇంజన్ తప్పు కాదక్కా. మన తప్పే. ఇట్లాంటి పడవలు నీళ్లను చీల్చుకుంటా పోవు, పైకి లేచి నీళ్ల మీద జారుకుంటా పోతాయి. మనం దాని తోక మీద ఇంత బరువు కూచోబెట్టినాం. అదెట్ల లేస్తాది?"

"అయితే?"

"పారబొయ్యాల."

"ఏంటివి?"

"నీళ్లు."

వెంకటేశ్వరి వాణ్ణి కొట్టేట్టు చూసింది. "మంచినీళ్లు సముద్రంలో పోస్తావా? ఏ జన్మలో చేసిన పాపమో ఆ ఊళ్లో పుట్టినాం, ఈ పాపం కూడా మూట కట్టుకోమంటావా?"

"పోనీ, డ్రమ్ములన్నీ భద్రంగా పెట్టుకుని సిపాయిలకు దొరుకుదామా?"

వెంకటేశ్వరి లేచి, మొదటి డ్రమ్ము మూత తానే తీసింది. ఇద్దరూ పట్టి వంచారు. నీళ్లు బుడబుడమని ఉప్పునీళ్లలో కలిసిపోతుంటే ఆమె కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. రెండోదీ పోయింది, మూడోదీ పోయింది. నాలుగో డ్రమ్ము మీద వలి చెయ్యి వేయగానే ఆ చేతిని పక్కకు నెట్టింది.

"ఇది మా ఆయన గొంతు తడపడానికి. దీన్ని ముట్టుకున్నావంటే నిన్ను కూడా దించేస్తా."

వలి నవ్వి, ఆ ఒక్కదాన్నీ తోక దగ్గర్నించి జరిపి గది గుమ్మం పక్కన కట్టాడు. ఖాళీవి మూడూ తోక దగ్గరే ఉండిపోయాయి.

ఈసారి గేరు తోస్తే, అబ్బో! పడవ ఒక్కసారి ముక్కు దించి, ఒళ్లు తేల్చుకుని దూసుకుపోయింది. వలి సంతోషం పట్టలేక "యల్లా, యల్లా!" అని కేకలు పెట్టాడు. వేగం పరీక్ష నెగ్గింది. ఇక మిగిలింది నడుము పరీక్ష.

"ఇదే వేగం మీద పోనీ. తగ్గించొద్దు" అని చెప్పి వెంకటేశ్వరి గదిలోకి దిగి, మంచం మీద వెల్లకిలా పడుకుంది. చేతులు పక్కకు చాపి, కాళ్లు బిగించకుండా వదిలేసింది. మొగుడు ఎలా పడుకుంటాడో అలా. ఇప్పుడు ఈ ఒళ్లు నాది కాదు, బాలసుబ్బయ్యది అనుకుంది.

పడవ ఒక అల మీంచి ఇంకో అల మీదికి ఎగిరి పడింది. దఢేల్! పరుపు మెత్తగానే ఉంది గానీ కింద చెక్క వీపున తన్నింది. వెన్నులో జల్లుమంది. నా నడుమే ఇట్లా ఉంటే ఆయన నడుము ఏమవుతుంది తండ్రీ అనుకుంది. మెల్లగా పోతే సిపాయిలు పట్టుకుంటారు, వేగంగా పోతే ఎముక విరుగుతుంది. పైన ఇంకో పరుపు వేస్తే? పాత టైర్ల ట్యూబుల్లో గాలి నింపి పరుపు కింద పెడితే? దారి ఉంటుంది, ఎందుకుండదు, వెతకాలి అంతే అని పళ్లు బిగించింది.

మళ్లీ దఢేల్. 

"మ్మ్..."

చెక్క కిర్రుమందేమో అనుకుంది. ఇంకో అల. మళ్లీ అదే మూలుగు, సరిగ్గా ఆమె వీపు కిందనే. చెక్క మూలగదు గదా! వెంకటేశ్వరి చటుక్కున లేచి కూర్చుంది. పరుపు విసిరేసింది. మంచం పలకకు వేలు దూరేంత రంధ్రం ఉంది. వేలు పెట్టి ఎత్తింది.

కింద లైఫ్ జాకెట్లు పెట్టుకునే అరలో, మోకాళ్లు ముడుచుకుని, చెమటతో తడిసి ముద్దైపోయి, ఒక మనిషి. తొడకు చుట్టిన కట్టు నల్లగా నెత్తురు పట్టి ఉంది. ఆమెను చూసి ఆ పాలిపోయిన మొహం నవ్వడానికి ప్రయత్నించింది.

"వెంకటీ" అన్నాడు.

మిషాల్! మామా కొడుకు. యుద్ధం మొదలైన రోజే సౌదీ పోయి క్షేమంగా ఉన్నాడని మామా ఊరందరికీ చెప్పిన కొడుకు. స్కూలు నుంచి రాగానే వంటింట్లో దూరి, వెంకటేశ్వరి తన కోసం చేసుకున్న చింతపండు పులుసన్నం లాక్కుని తినేసిన పిల్లాడు. ఇప్పుడు మీసాలొచ్చాయి, ఇరాకీ సైన్యం మీదికి తుపాకీ పట్టి తిరుగుతూ తొడలో గుండు దించుకున్నాడు. 

"నువ్వు... నువ్వు సౌదీలో గదా ఉండాల్సింది!"

"అమ్మ చెప్పొద్దంది వెంకటీ. చెప్తే నువ్వు భయపడి పడవ వద్దంటావని. మీ ఇండియావాళ్లను సిపాయిలు అంతగా వెతకరు. నీ మొగుడితో పాటు నేనూ దాటిపోతానని..." మాట మధ్యలో నొప్పికి ఆగిపోయాడు. "నువ్వు తాళాలు తీసుకోగానే వెళ్లిపోతావనుకుంది. పరీక్ష చేసి మళ్లీ ఒడ్డుకే తీసుకొస్తావని అమ్మ అనుకోలేదు."

అదీ సంగతి. ఊరికే ఇచ్చిన పడవ! వెంకటేశ్వరికి మండుకొచ్చింది. పన్నెండేళ్లు నా చేతి కూడు తిన్న మనిషి, కొడుకును నా వీపు కిందనే దాచిపెట్టి, ఒక్క మాట చెప్పలేదే! నమ్మలేదే! దొరికితే నా మొగుణ్ణి కూడా గోడకు నిలబెట్టి కాలుస్తారని తెలిసీ చెప్పలేదే!

"మీ అమ్మ కనబడనీ, చెప్తా ఆమెకు" అంది తెలుగులోనే. తర్వాత కోపమంతా దిగమింగి, వాడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. కాలిపోతోంది.

"నన్ను దించెయ్ వెంకటీ. మీ ఆయనకు చోటు కావాలి గదా."

"ఎక్కడ దించేది, నీళ్లలోనా? నోర్మూసుకో." నాలుగో డ్రమ్ము నుంచి కప్పుడు నీళ్లు తెచ్చి, తల పట్టుకుని తాగించింది. "ఆయన పైన, నువ్వు కింద. ఇద్దరూ వస్తారు. ఎట్లా అని అడగొద్దు, నాకూ తెలియదు. వస్తారు అంతే."

అప్పుడు పైనుంచి వలి గొంతు వినిపించింది. మామూలు గొంతు కాదది. 

"అక్కా, పైకి రా. ఒడ్డున ఆఫీసరు నిలబడి ఉండాడు. దుర్భిణి పెట్టి చూస్తాండాడు. రమ్మని చెయ్యి ఊపుతాండాడు."

వెంకటేశ్వరి పైకి వచ్చి చూసింది. నిజమే. వాళ్ల పడవ ఎగిరిపోతున్న సంబరమంతా అతను తీరిగ్గా చూశాడు. పక్కన సిపాయి తుపాకీ భుజం మీంచి దించి చేతిలోకి తీసుకున్నాడు. 

గదిలో ఏముందో రెండు ముక్కల్లో చెప్పింది. వలి చక్రాన్ని సముద్రం వైపు తిప్పబోయాడు. "యా అల్లా! ఇట్నే పారిపోదామక్కా."

"మా ఆయన రూములో పండుకోనుండాడు. ఆయన్ని వదిలి యాడికి పారిపోతావు నువ్వు?" అంది. వలి తల దించుకున్నాడు. ఆమె ఒక్క క్షణం ఒడ్డు వైపు, ఒక్క క్షణం ఖాళీ డ్రమ్ముల వైపు చూసింది. 

"ఆయప్పకు ఈ పడవ మీద మనసైంది వలీ. ఎందుకు మనసైంది? ఎగిరింది గనక. ఎగరకపోతే?" బకెట్టు వాడి చేతిలో పెట్టింది. "నింపు. మూడూ నింపు. సముద్రం నీళ్లే. ఎవురు చూస్తారు?"

వలి కళ్లు పెద్దవయ్యాయి. మరుక్షణం ఇద్దరూ ఒడ్డుకు కనబడకుండా పడవను అడ్డం తిప్పి, చేపల వల లాగుతున్నట్టు వంగి, బకెట్టు మీద బకెట్టు తోడి పోశారు. చేతులు పడిపోయేదాకా తోడారు. వెంకటేశ్వరి మిషాల్ మీద పలక మూసి, పరుపు సర్ది, "ఊపిరి కూడా మెల్లగా పీల్చు" అని చెప్పి వచ్చింది. 

పడవ ఒడ్డుకు చేరింది. ఆఫీసరు నున్నగా గీసిన గడ్డం, గుబురు మీసం ఉన్న మనిషి. పడవలోకి దూకుతూనే గోడలు తట్టాడు, చక్రం తిప్పాడు. 

"మా పెద్ద సారుకు ఇలాంటిదే కావాలి. ఇందాక గుర్రంలా పోయింది. ఏదీ, నాకూ చూపించండి."

వలి నడిపాడు. ఇంజన్ అరిచింది, పొగ కక్కింది, పడవ తోక కూలేసుకుని పొర్లింది. ఆఫీసరు మొహం మారింది.

"ఇందాకటి వేగమేదీ?"

"పాత ఇంజన్ సార్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాసేపు పరిగెత్తుతుంది, వేడెక్కితే ఖలాస్" అన్నాడు వలి. ఆ నోటి నుంచి అంత చక్కటి అబద్ధం వస్తుందని వెంకటేశ్వరి ఎన్నడూ అనుకోలేదు. 

"సరే, గది చూస్తా" అన్నాడు ఆఫీసరు. 

వెంకటేశ్వరి అతనికంటే ముందు మెట్లు దిగి, కడుపు పట్టుకుని, మంచం మీద వాలిపోయింది. అతను వచ్చి అంచున కూర్చున్నాడు. పరుపును అరచేత్తో నొక్కాడు. "ఇది మాత్రం మెత్తగా ఉంది" అని, పిర్రలతో ఎగిరి మరీ చూశాడు. 

అల వచ్చింది. బరువెక్కిన పడవ ఎగరదు గానీ పక్కకు ఒరిగి పడుతుంది. ఒరుగుతోందని తెలియగానే, చెక్క కింద నుంచి మూలుగు రాకముందే వెంకటేశ్వరి "అమ్మా!" అని గట్టిగా మూలిగింది. ఇంకో అల. "అమ్మో, నా తల్లో!" కింద వాడు పళ్లు కరుచుకుని ఉన్నాడో, మూలుగుతున్నాడో ఆమెకే వినబడలేదు. 

"ఏమైంది దీనికి?"

"సముద్రం పడదు సార్. వాంతి... వచ్చేట్టుంది..." అని అతని బూట్ల వైపు వంగింది. ఆఫీసరు ఛీ అని లేచి రెండు అంగల్లో పైకి పోయాడు. 

గండం గడిచింది అనుకుని ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. వెనకే పైకి వచ్చింది. ఆఫీసరు టోపీ తీసి విసురుకుంటూ, తోక దగ్గర నిలబడి డ్రమ్ముల వంక చూస్తున్నాడు. ఒకదాని మూత ఎత్తి చూశాడు.

"చేపలు పట్టడానికి ఇన్ని నీళ్లా? ఎక్కడికి ప్రయాణం?"

వలి నోరు తెరిచేలోపే వెంకటేశ్వరే అందుకుంది.

"మాది కరువు సీమ సార్. ఎండాకాలం వచ్చిందంటే నీళ్ల కోసం జుట్లు పట్టుకుంటాం. పక్క వీధికి పోయినా నీళ్లు మోసుకుని పోవడం మాకు అలవాటు. ఏం చెయ్యమంటారు, పుట్టుక అట్లాంటిది." ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందుకే గొంతు వణకలేదు.

ఆఫీసరు పెద్దగా నవ్వాడు. "బాగుంది. దాహం చంపేస్తోంది, కాసిని పొయ్యి."

వెంకటేశ్వరి కప్పు తీసుకుని చకచకా గుమ్మం పక్కనున్న నాలుగో డ్రమ్ము దగ్గరికి పోయింది. అక్కడే పొరపాటు చేసింది. చేతికందేంత దగ్గర మూడు డ్రమ్ములుండగా ఇంకోదాని దగ్గరికి ఎందుకు పోతోందని అతనికి తోచింది. అది ఆక్రమించుకున్న దేశం. విషం కలిపారేమోనన్న భయంతో, అక్కడ ఎవరిస్తే వాళ్ల చేతి నీళ్లు తాగే సిపాయి ఉండడు. నవ్వు ఆగిపోయింది.

"ఆగు. అది కాదు" అన్నాడు. తన పక్కనున్న డ్రమ్మును బూటుతో తన్నాడు. "ఇది. ముందు నువ్వు తాగు."

వలి చక్రం పట్టుకుని బిగుసుకుపోయాడు. ఇంజన్ గుడగుడమంటోంది. వెంకటేశ్వరి వెనక్కి నడిచింది. మూత తీసి కప్పు ముంచి, అంచు దాకా నింపింది. కళ్లు మూసుకోలేదు. ఆఫీసరు మొహంలోకి సూటిగా చూస్తూ నోటికెత్తింది. మొదటి గుక్కకే గొంతు మంట పుట్టింది, కడుపు తిరగబడి పైకొచ్చింది. దాన్ని కిందికి తొక్కిపెట్టింది. గదిలో ఒకడు పలక కింద, ఒడ్డు మీద రూములో ఒకాయన మంచం మీద, ఇద్దరూ వెల్లకిలా పడుకుని ఆమె కోసం ఎదురు చూస్తున్నారు. గుటక మీద గుటక వేసింది. చివరి చుక్క దాకా తాగి, కప్పు బోర్లించి చూపించి, మూతి తుడుచుకుని, మండుటెండలో చల్లటి నీళ్లు తాగిన మనిషిలాగా "హా..." అంది. 

ఆఫీసరు ఆమె మొహాన్ని చాలాసేపు వెతికాడు. అక్కడ ఏమీ దొరకలేదు. అనుమానం తీరినట్టు మళ్లీ నవ్వి, చెయ్యి చాపాడు. 

"ఆ, ఇప్పుడు నాకు పొయ్యి. అందులోంచే."